అందరినీ ఎక్కించుకుంటాం

నేను ఒక చేతిమైకుని. గరాటులాంటి ప్లాస్టిక్ మూతి, వెనక బ్యాటరీలు పట్టే డొక్క, కింద తుపాకీకి ఉన్నట్టు ఒక మీట. ఇంతే నా ఒళ్లు. మీట నొక్కి మామూలుగా మాట్లాడినా ఆ మాట చాలా దూరం పోతుంది. సొంత మాటంటూ నాకేదీ లేదు. ఎవరు నోరు పెడితే ఆ మాటే నాది.

ఏదో ఊరి చివర రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బిగించినావిడ నేను పలుకుతున్నానో లేదో చూడటానికి "అన్నం తిన్నారా?" అని నాలోంచి అడిగి, జవాబు కోసం ఆగకుండానే అట్టపెట్టెలో పడేసింది. నాతోపాటు పుట్టినవాళ్లలో కొందరు ఎన్నికల జీపులెక్కారు, కొందరు ఉల్లిపాయల బళ్లెక్కారు. నేను విశాఖపట్నంలో నౌకాదళం వారి గోదాముకు చేరి, అక్కణ్నుంచి ఒక గస్తీ ఓడ ఎక్కాను.

అక్కడ నన్ను ముందుగా పట్టిన చెయ్యి గరికిన నూకరాజుది. భీమిలి దగ్గర వేటకెళ్లే వాళ్లింట పుట్టినవాడు. ఓడ పక్కన వేలాడే రబ్బరు పడవను నడిపేది అతనే. ఓడ మీద ఫిరంగులు పేల్చి చూసుకునే రోజుల్లో, ఆ చుట్టుపక్కలకు వచ్చిన వేట పడవలను తరిమే పని కూడా అతనిదే. ఆ పడవల్లో సగం అతని చుట్టాలవే. నన్ను నోటికి ఆనించుకుని గవర్నమెంటు గొంతుతో ఒక్క గద్దింపు గద్దించేవాడు. తర్వాత మీట వదిలేసి, చెయ్యి అడ్డం పెట్టుకుని "మావా, అత్తకి జొరం తగ్గిందేటి?" అని కేకేసేవాడు. అదీ ఇదీ ఒక్క నోరే. మనుషులకు అదేమీ కష్టం కాదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఆ తర్వాతే నేను షేక్ మస్తాన్‌వలి చేతికి వచ్చాను.

మస్తాన్‌వలి మా ఓడలో వంటవాడు. ఊరు వినుకొండ. ఎటు చూసినా రాళ్లగుట్టలుండే చోట పెరిగి, ఏ బుద్ధి పుట్టిందో నౌకాదళంలో చేరాడు. ఈత పరీక్ష ఎలాగో గట్టెక్కాడు గానీ సముద్రమంటే అతనికి పొసగదు. ఉల్లిపాయలు తరుగుతూ వంటగది గుండ్రటి కిటికీలోంచి చూసినంత సముద్రం చాలు అతనికి.

నైరుతి గాలులు అప్పుడే మొదలైన రోజులు. అండమాన్ సముద్రంలో ఒక పడవ కొట్టుకుపోతోందని గస్తీ విమానం కబురు పెట్టింది. పొద్దున టిఫిన్ల వేళకు అది మాకు కనిపించింది. నీలం రంగు వేసిన పాత చెక్కపడవ. ఇంజను చచ్చిపోయి అలల మీద వాలుగా తేలుతోంది. దాని మీద మనుషులు ఒకరి మీద ఒకరు పోసినట్టున్నారు. బర్మాలో ఇళ్లు తగలబడి, పొరుగు దేశపు శిబిరాల్లో టార్పాలిన్ల కింద బతికి, ఆ బతుకు కూడా బతకలేక ఇంకెక్కడికో బయలుదేరిన రొహింగ్యాలు. తీసుకెళ్తామని డబ్బు పుచ్చుకున్నవాళ్లు ఇంజను ఆగగానే ఇంకో పడవెక్కి వెళ్లిపోయారట. తాగేనీళ్లు అయిపోయి చాలా రోజులైంది.

కెప్టెన్ రేడియోలో ఒడ్డు మీది పెద్దలను అడిగాడు. తిండీ నీళ్లూ ఇవ్వండి, ఎక్కించుకునే సంగతి తర్వాత చెబుతాం, అంతవరకూ ఆగండి అని జవాబు వచ్చింది.

ఆగడానికి ఆ పడవకు ఓపిక ఉండాలి కదా. మా ఓడ కనబడగానే అందులోని వాళ్లు లేచి ఒక్క పక్కకే తోసుకొచ్చారు. పడవ ఆ పక్కకు ఒరిగి, అంచు మీంచి నీళ్లు లోపలికి జారాయి. మా ఓడ నుంచి హిందీలో అరిచారు, ఇంగ్లీషులో అరిచారు. ఎవరూ కూర్చోలేదు. అప్పుడెవరో, వంటవాడికి ఉర్దూ వచ్చు, వాళ్లలో మదర్సాలో చదివినవాడు ఒక్కడైనా ఉండకపోడు అన్నారు. మస్తాన్‌ను పిలిపించారు. చేతులకు పసుపు కూడా కడుక్కోకుండా వచ్చాడు.

"వాళ్లను కూర్చోబెట్టాలి. కదిలితే పడవ తిరగబడుతుంది. అందరినీ ఎక్కించుకుంటామని చెప్పు" అన్నాడు కెప్టెన్.

"ఎక్కించుకుంటామా సార్?"

కెప్టెన్ రేడియో గది వైపు ఒకసారి చూశాడు. "ముందు కూర్చోబెట్టు" అన్నాడు.

నన్ను మస్తాన్ మెడకు తగిలించి రబ్బరు పడవలోకి దింపారు. నూకరాజు వెనక ఇంజను దగ్గర నిలబడ్డాడు.

"మద్దిన కూకో తమ్ముడూ. ఆ తాడు మాత్రం ఒగ్గీకు."

"ఇంత ఊగుద్దా అన్నా ఇది?"

"ఇది ఊగడం కాదు. సాయంత్రానికి సూద్దువు గాని."

నీలం పడవకు కాస్త దూరంలో ఆగారు. మస్తాన్ నన్ను నోటి దగ్గరికి తెచ్చుకుని ఉర్దూలో చెప్పాడు. కూర్చోండి, నీళ్లు తెచ్చాం, కదలకండి అని. ఎండిపోయిన మొహాలు అతనికేసి చూశాయి. ఎవరూ పలకలేదు. అతను నన్ను దించి నూకరాజు వైపు తిరిగాడు.

"వీళ్లకు నా మాట అర్థమయినట్టు లేదన్నా. ఏం జెయ్యాల?"

అప్పుడు ఆ పడవ ముందుకొస నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"అన్నా, మీది తెలుగా?"

మస్తాన్ చేతిలోంచి నేను జారబోయాను. ఇరవై ఏళ్లుంటాయేమో ఆ పిల్లకు. పసుపుపచ్చ చున్నీ, పెదవులు పగిలి నల్లబడ్డాయి. పేరు సెనోవారా. చిన్నప్పుడు వాళ్లమ్మతో హైదరాబాదు చేరి, బాలాపూర్ గుడిసెల్లో పెరిగింది. ఐదో తరగతి దాకా సర్కారు బడిలో చదివింది. తర్వాత పోలీసులు పట్టుకుపోతారన్న భయంతో తల్లీకూతుళ్లు మళ్లీ సరిహద్దు దాటి శిబిరానికి వెళ్లిపోయారు. అక్కణ్నుంచి ఈ పడవ.

"నేను చెప్తనన్నా వీళ్లకు. ఫస్ట్ ఒకటి చెప్పు. మొన్న ఇంకో ఓడ వచ్చింది. నీళ్లిచ్చి ఎల్లిపోయింది. మీరు గూడ గట్లనే పోతరా?"

నూకరాజు ఇంజను వైపు తల తిప్పుకున్నాడు. ఆ దూరానికి నేను అక్కర్లేదు, మామూలుగా చెప్పినా వినిపిస్తుంది. అయినా మస్తాన్ నన్ను నోటికి ఆనించుకుని మీట నొక్కాడు.

"అందరినీ ఎక్కించుకుంటాం. కూర్చోండి."

"నిజమేనా అన్నా?"

"నిజం."

ఆ పిల్ల వెనక్కి తిరిగి తన భాషలో చెప్పింది. ఒక ముసలాయన ముందు కూర్చున్నాడు. అతన్ని చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి వెనకవాళ్లు. గాలి తగ్గినప్పుడు వరిచేను నిలబడినట్టు ఆ పడవ నిదానించింది. నీళ్ల డబ్బాలు అందించారు. మస్తాన్ వండిన గంజి అందించారు. తాగిన గంజి కడుపులో నిలవక కొందరు కక్కుకున్నారు.

మధ్యాహ్నానికి కూడా ఒడ్డు నుంచి ఆ మాటే, ఆగండి అని. కెప్టెన్ చెడ్డవాడు కాదు. మంచితనానికి ఒక సందు వెతుక్కున్నాడు. జబ్బుపడినవాళ్లను వైద్యానికి తేవచ్చు, దాన్ని ఎక్కించుకోవడం అనరు అన్నాడు. మస్తాన్ వెళ్లి జబ్బుగా ఉన్నదెవరని అడిగాడు.

"అందరన్నా" అంది సెనోవారా.

పసిపిల్లల తల్లులతో, సొమ్మసిల్లిన పిల్లలతో మొదలుపెట్టారు. రబ్బరు పడవలో పట్టినంతమందిని తీసుకెళ్లడం, మళ్లీ రావడం. ఒక్కొక్కసారి వచ్చేసరికి అలలు ఇంకొంచెం లేచి ఉండేవి.

"ఈసారి నువ్వు రామ్మా" అన్నాడు మస్తాన్.

"మా అమ్మ కింద ఉంది."

పడవ అడుగున చేపలు దాచే గది ఉంది. ఎండకు తాళలేని ఆడవాళ్లను అందులో ఉంచారు. సెనోవారా తల్లికి కాళ్లు వాచి లేవలేకపోతోంది. ఆమెను పైకి తేవాలంటే గది మూత మీద, దాని చుట్టూ కూర్చున్నవాళ్లంతా జరగాలి. జరిగితే పడవ ఒరుగుతుంది.

"పైనోళ్లు కొంచెం పలచబడనీ. వచ్చే తడవ అమ్మను తీద్దాం. నువ్వు ముందు ఎక్కు."

"వద్దన్నా. నేను పోతే వీళ్లకు ఎవరు చెప్తరు? లేస్తరు మళ్ల."

నూకరాజు కల్పించుకున్నాడు. "గాలి మారిపోతంది మస్తానూ. ఎవులొస్తే ఆళ్లని ఎక్కించెయ్. మాటలెట్టుకోకు."

వచ్చే తడవ వచ్చారు. ఆ తడవ ఇద్దరు గర్భిణులు ముందు చేతులు చాచారు. ఆ తర్వాతి తడవ అలల మీద రబ్బరు పడవ నిలవక, గది మూత తెరిచే సందే దొరకలేదు. కింద చీకట్లోంచి ఒక పెద్దావిడ గొంతు అడుగుతూనే ఉంది, కూతురు జవాబు చెబుతూనే ఉంది. ఏమంటోందని మస్తాన్ అడిగాడు.

"మన వంతు వచ్చిందా అంటుంది. వస్తుందని చెప్పిన."

పొద్దు వాలుతుండగా కెప్టెన్ రేడియో పక్కన పెట్టేశాడు. ఇక ఎవర్నీ అడగనన్నాడు. ఓడ పక్కన వలనిచ్చెనలు దింపించి, ఆ పడవను చేర్చి అందర్నీ ఎక్కించమన్నాడు. ఆ మాట చెప్పడానికి మస్తాన్, నూకరాజు బయలుదేరారు. మస్తాన్ నన్ను ఎత్తి పట్టుకున్నాడు. అతని మొహంలో ఆ రోజంతా లేని వెలుగు కనిపించింది.

అతను నోరు తెరిచేలోపు ఒక పెద్ద అల ఆ పడవను పక్కనుంచి ఎత్తింది. ఎవరూ లేవలేదు. ఎవరూ ఒక పక్కకు పరుగెత్తలేదు. పొద్దుట్నుంచి చెప్పినట్టే అందరూ కూర్చుని ఉన్నారు. అడుగు చెక్కలు ఎప్పట్నుంచి కుళ్లి ఉన్నాయో, ఆ దెబ్బకు విచ్చుకున్నాయి. పడవ ఒక్కసారి నిట్టూర్చినట్టయి బోర్లాపడింది.

తర్వాత అంతా నీళ్లలోనే. మస్తాన్ జుట్టు దొరికితే జుట్టు, చొక్కా దొరికితే చొక్కా పట్టుకుని లాగాడు. అతని మెడలో వేలాడుతూ నేను ఎన్నిసార్లు మునిగానో నాకే తెలియదు. ఓడ మీంచి గజఈతగాళ్లు దూకారు. పసుపుపచ్చ చున్నీ కనబడింది. మస్తాన్ దాన్ని అందుకుంటే, దాని చివర సెనోవారా ఉంది.

రబ్బరు పడవలోకి లాగగానే ఆమె చూసింది ఒక్కటే. బోర్లాపడిన పడవ వీపు ఇంకా నీళ్లపైన ఉంది. నూకరాజు ఏమీ అడగకుండానే అటు తిప్పాడు. ఆమె నన్ను మస్తాన్ మెడలోంచి లాక్కుని మీట నొక్కింది.

"మా... ఓ మా..."

నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆమె నా మూతితోనే ఆ చెక్కల మీద కొట్టింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. అప్పుడు లోపల్నుంచి ఎవరో తట్టారు.

మస్తాన్ గోళ్లతో చెక్కల సందులు పీకాడు. నూకరాజు లంగరు ఇనుముతో బాదాడు. గజఈతగాళ్లు కిందికి దిగి, తాళ్లూ బట్టలూ అడ్డుపడి గది మూత దొరక్క ఊపిరికి పైకొచ్చారు. మళ్లీ దిగారు. తట్టడం కాసేపు వినిపించింది. తర్వాత ఆగి ఆగి వినిపించింది. తర్వాత వినిపించలేదు. పడవ మెల్లగా ముందుకొస ఎత్తి, వెనక్కి నీళ్లలోకి జారిపోయింది. ఆ చోట నూకరాజు చుట్లు తిరుగుతూనే ఉన్నాడు. వెనక్కి రమ్మని ఓడ మీంచి పిలిచినా చాలాసేపటిదాకా పోలేదు.

చీకటి పడ్డాక ఒడ్డు నుంచి కబురు వచ్చింది, ఎక్కించుకోవచ్చని.

మిగిలినవాళ్లకు మస్తాన్ మళ్లీ గంజి కాచాడు. పొద్దున సరిపోదేమోనని గిన్నెడు బియ్యం ఎక్కువే పోసినవాడు, ఇప్పుడు ఎంత పోయాలో తెలియక బస్తా దగ్గర నిలబడిపోయాడు. కెప్టెన్ వంటగదిలోకే వచ్చాడు.

"నువ్వు చెప్పబట్టే పొద్దున్నే తిరగబడలేదు. అందుకే ఇంతమందైనా మిగిలారు. అలా చెప్పమన్నది నేను. అది నా మీద ఉంటుంది" అన్నాడు.

"చెప్పమన్నది మీరే సార్. నోరు నాది" అన్నాడు మస్తాన్. కెప్టెన్ వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మర్నాడు ఒక దీవి జెట్టీలో వాళ్లను దింపారు. బస్సులు, పోలీసులు సిద్ధంగా ఉన్నారు. ఆ బస్సులు ఎక్కడికి పోతాయో మా ఓడలో ఎవరికీ తెలియదు. సెనోవారా నావికులిచ్చిన చొక్కా వేసుకుని వరుసలో చివరగా నడుస్తోంది. మస్తాన్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"అన్నా, నిజమని తెలిసే చెప్పినవా?"

అబద్ధం ఆడటానికి అప్పుడు నేను అతని చేతిలో లేను.

"తెలీదమ్మా. నిజమైతే బాగుండని చెప్పా."

"నాకు పొద్దుగాలనే సమజైంది. నీ మొహం చూసిన. అయినా వాళ్లకు నిజమనే చెప్పిన. మా అమ్మకు గూడ" అంది. పోలీసు పిలిచాడు. వెళ్లి బస్సెక్కింది.

విశాఖ చేరాక పాడైన సామాను గోదాములో అప్పగించే రోజు వచ్చింది. నన్ను మస్తానే తీసుకెళ్లాడు. నా మూతి చుట్టూ ఉప్పు పేరుకుని ఉంది. గోదాము మనిషి అడిగాడు.

"ఏటి దీనికి? పన్జేస్తందా లేదా?"

మస్తాన్ నన్ను నోటి దగ్గరికి ఎత్తుకున్నాడు. మీట నొక్కాడు. లోపల గరగరమంది. అతని ఊపిరి నా మూతికి వెచ్చగా తగులుతూనే ఉంది. ఎంతసేపు నొక్కి పట్టుకున్నాడో, నన్ను దించి బల్ల మీద పెట్టాడు.

"మాట రావట్లేదు" అన్నాడు.

గోదాము మనిషి అలాగే రాసుకుని, నన్ను తీసి పాత ప్లాస్టిక్ గుట్ట మీదికి విసిరాడు.