నల్లమ్మ నడక

రాయచెర్లులో గుండప్ప సాయంత్రం ఆరు కాగానే ఒక మందు ప్యాకెట్ తాగుతాడు. తాగినాక నల్లమ్మ వస్తాది, అరుగు మీద కూచుని మొగుణ్ణి తిడతాది. ఆమె చచ్చిపోయి మూడేండ్లు. పక్కింటి కెంచమ్మ "వచ్చినావా వదినా" అని పలకరించి తన పనిమీద తాను పోతాది. భూమంతా సోలారు కంపెనీకి కౌలుకిచ్చి ఖాళీగా కూచున్న గుండప్పకు రోజు మొత్తానికి తనతో మాట్లాడే గొంతు నల్లమ్మదొక్కటే. తిట్టేవాళ్లన్నా ఉండాల గదా మనిషికి.

బస్టాండులో రెండుమార్లు తూలి పడినాక, పావగడ ఆసుపత్రిలో డాక్టరు మాత్రలు రాసినాడు. ఆసుపత్రిలో ఉండే పనిలేదు, రోజుకొకటి ఇంట్లోనే మింగి, నెలకోసారి కనపడితే చాలు.

"తాగాలనే ఆశ తగ్గిస్తాది. ఏమైనా సరే, మందు మానొద్దు మామా," అనింది నర్సు సవిత.

"ఇన్నాళ్లకు నా మాట చెప్పేవాళ్లు దొరికినారు," అన్నాడు గుండప్ప.

సవిత నవ్వలేదు. "ఇట్లే తాగితే ఇంకో ఏడాదికి నువ్వుండవు," అనింది.

మాత్ర పనిచేసింది. తొమ్మిది రోజులు తాగబుద్ధి కాలేదు. ఆ తొమ్మిది రోజులూ నల్లమ్మ రాలేదు. ఇల్లు బావురుమనింది. గుండప్ప ఒంటిగా కూచుని ఏడ్చినాడు. పదోరోజు మాత్ర గూట్లోనే పెట్టేసి, ఆశ లేకపోయినా ప్యాకెట్ కొని, కండ్లు మూసుకుని తాగేసినాడు. ఎప్పటి మాదిరి మత్తు ఎక్కలేదు.

నల్లమ్మ వచ్చింది. అరుగు మీద కూలబడి కాళ్లు చాపింది. మడమలు పగిలినాయి, అరికాళ్ల నిండా జాలిచెట్టు ముండ్లు.

"ఏందే ఇది?"

"నన్ను పూడ్చింది మన చేన్లోనే కదప్పా. ఇప్పుడు దాని చుట్టూ సోలారోళ్ల కంచె ఉండాది. నువ్వు తాగినప్పుడల్లా నాకు మెలకువొస్తాది. కంచె పొడుగూతా గేటు దాకా నడిచి ఈడికి రావాల, మళ్లా అంత దూరమూ పోవాల. ఈ తొమ్మిది రోజులే కాస్త కన్ను మూసినా."

"ఒక్క మాట చెప్పకపోతివే."

"రోజూ అదే కదా చెప్తాండా. నువ్వు యాడ వింటివి?"

ఇన్నాళ్లూ గుండప్ప అవి తిట్లనుకున్నాడు. ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఒక్కో ముల్లూ పీకినాడు. లోపలికి పోయి మాత్ర తెచ్చి ఆమె ముందరే మింగినాడు. ఆమెతో పాటే గేటు దాకా నడిచినాడు.

రేపు వస్తావా అని అడగాలని గొంతు దాకా వచ్చింది.

"పోయి పండుకో నల్లమ్మా," అన్నాడు. "ఇంక నిన్ను లేపను."