"ఎవరు చేస్తారు" అన్న గడి

మేజోళ్ళు తిరగేసి తొడగాలి. కుట్టు లోపలుంటే మా అమ్మాయి టిల్డాకి వేళ్ళ దగ్గర ఒరుసుకుంటుంది. ఒరుసుకుంటే బూట్లు విసిరేస్తుంది, ఇక ఆ పూట బడి లేనట్టే. అందుకని రోజూ ఏడున్నరకి మెట్ల మీద కూర్చుని నేను చేసే మొదటి పని ఇదే. మా అత్తగారు మావిస్ వచ్చినప్పుడల్లా చూసి అంటుంది, "మా రోజుల్లో పిల్లలు ఏది తొడిగితే అది వేసుకుని పోయేవాళ్ళు, లిన్." ఆవిడ రోజుల్లో టిల్డాలాంటి పిల్లల్ని ఎక్కడ దాచేవారో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. పైకి మాత్రం ఇంకో బిస్కెట్టు తీసుకోమంటాను.

టిల్డాకి ఏడేళ్ళు. మాటల్లేవు. బొమ్మల కార్డులు తీసి చేతిలో పెడుతుంది, కావలసింది దొరక్కపోతే ఆ చేతినే కొరుకుతుంది. పక్కన ఒక మనిషి కూర్చుంటే బళ్ళో రోజంతా ఉండగలదు. ఆ మనిషిని ఇవ్వాల్సింది ఊరి పాలన, బళ్ళు చూసే కౌన్సిల్. ఇచ్చేదాకా "పదకొండున్నరకి వచ్చి తీసుకెళ్ళండి" అంటుంది బడి. ఆ మాట అని రెండేళ్ళయింది. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో చేస్తాను. పదకొండూ పదికల్లా కోటు తగిలించుకుని, ఎదురుగా ఉన్న పేషెంటుకి సగం మాట చెప్పి పరిగెత్తుతాను. పూర్తి రోజు చెయ్యగలవో లేదో శుక్రవారంలోగా చెప్పమంది మా మేనేజరు. ఆవిడ తప్పేం లేదు.

కౌన్సిల్ మనిషిని ఇవ్వాలంటే ముందు ఒక ప్లాన్ రాయాలి. పిల్లకి ఏం అవసరం, ఎవరు చేస్తారు, ఎంతసేపు చేస్తారు, అన్నీ గడుల్లో ఉంటాయి. ఒకసారి రాశారంటే తప్పించుకోలేరు. దానికి మనం పెట్టే అర్జీలో మంచి రోజు గురించి రాయొద్దని ఇలాంటి పిల్లలున్న మిగతా తల్లులు నేర్పారు. అందరికన్నా చెడ్డ రోజు గురించి రాయాలట, లేకపోతే ఇవ్వరట. రాశాను. గోడకి పూసిన మలం గురించి రాశాను, నా ముంజేతి మీద పళ్ళ గుర్తుల గురించి రాశాను. వాన మొదలవగానే కిటికీకి చెంప ఆనించి అది కిలకిలా నవ్వుతుందని రాయలేదు. కన్నబిడ్డ మీద నేనే చాడీలు చెప్పినట్టయింది, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. నువ్వు కూడా ఒక పేజీ రాయమంటే మా ఆయన గ్రేమ్, "నీ అంత బాగా నాకెక్కడ వస్తుంది" అన్నాడు. టైర్ల గిడ్డంగిలో వారం వారం పన్నెండు మంది మీద రిపోర్టులు రాసే మనిషి అతను.

ఇరవై వారాల్లో రావాల్సిన ప్లాన్ నలభై ఒకటో వారంలో వచ్చింది. అట్ట మీద టిల్డా పేరుంది. లోపలంతా ఫీబీ ఉంది. ఇంకో ఇంటి పిల్ల కాగితాన్ని ఎత్తి మా దాంట్లో పోశారు. ఫీబీ చక్కగా మాట్లాడుతుందట, ట్రాంపోలిన్ అంటే ఇష్టమట. నాలుగు పేజీల ఫిర్యాదు పెట్టాను.

పన్నెండు వారాలకి, మా మేనేజరు గడువు పెట్టిన వారమే జవాబొచ్చింది. నా ఫిర్యాదు నిజమేనని తేల్చారు. నాకేమైనా బాధ కలిగి ఉంటే చింతిస్తున్నారట. పాత కాగితంలో వేరొక బిడ్డ వివరాలున్నాయి కనుక చింపి పారేయమన్నారు. గ్రేమ్ మొదటి రెండు లైన్లు చదివి నా భుజం తట్టాడు.

"గెలిచావు కదా, లిన్." కెటిల్ పెట్టడానికి లేచాడు.

జవాబుతోపాటు పంపిన కొత్త ప్లాన్ పేజీలు తిప్పాను నేను. ఫీబీ అన్న చోటల్లా టిల్డా అని మార్చారు. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు. నోట మాటలేని నా పిల్ల ఇప్పుడు పెద్ద పెద్ద వాక్యాలు మాట్లాడుతోంది. తొమ్మిదో పేజీలో ఉంది అసలు సంగతి. అవసరం: మధ్యాహ్నానికి పిల్ల ఆందోళన పడుతుంది, ఇంటికి తీసుకెళ్ళి నెమ్మదింపజేయాలి. ఎవరు చేస్తారు: తల్లి. ఎంతసేపు: అవసరమైనంత.

కౌన్సిల్‌కి ఫోన్ చేశాను. మా కేసు చూసే మనిషి ఈ ఏడాదిలో మూడోది, పేరు హార్‌గ్రీవ్. మెత్తగానే మాట్లాడింది. ప్లాన్‌లో ఏం రాశారన్నది ఫిర్యాదు కిందికి రాదట. దానికి ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవాలి, ఇప్పుడైతే ఏడాది పైన పడుతోంది. మీ ఫిర్యాదు చూసిన తీరు నచ్చకపోతే రెండో ఫిర్యాదు పెట్టుకోవచ్చంది. నేను అడిగింది ఒక్కటే.

"ఫీబీకి ఎవరు చేస్తున్నారండీ?"

"వేరే పిల్లల సంగతి మాట్లాడకూడదండీ."

ఆ రాత ముందు ఎవరి కోసం రాసిందో అప్పుడు తట్టింది నాకు. ఆ "తల్లి" నేను కాదు, ఫీబీ తల్లి. ఇదే ఊళ్ళో ఇంకో బడి గేటు దగ్గర పదకొండున్నరకి నిలబడుతూ ఉంటుంది. ఏ ఉద్యోగం వదులుకుందో ఏమో. పిల్ల పేరు మార్చాల్సి వచ్చింది కానీ మా ఇద్దరికీ "తల్లి" అన్న ఆ మాట మార్చే పని కూడా పడలేదు వాళ్ళకి.

గ్రేమ్‌కి ఆ గడి చూపించాను. చదివి నా ముందుకి కప్పు జరిపాడు.

"ఎలాగూ నువ్వే చేస్తున్నావుగా, రాస్తే ఏమైంది? ఆ ఉద్యోగం మానేస్తే నీకూ కాస్త ఊపిరాడుతుంది."

ప్రేమగానే అన్నాడు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం టిల్డాని తీసుకొచ్చి వంటగదిలో కూర్చున్నాను. అది మేజోళ్ళు పీకేసి బల్ల కింద దూరి నా పాదాల మీద పడుకుంది. ముందు రాజీనామా రాశాను. సోమవారం పదకొండున్నరకి గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ధైర్యం తెచ్చుకుని సంతకం పెట్టాల్సిన పని కూడా రాలేదు. చెయ్యి దానంతటదే పెట్టేసింది.

తర్వాత రెండో ఫిర్యాదు తీశాను. మళ్ళీ పన్నెండు వారాలు, మళ్ళీ చింతిస్తున్నాం. అవన్నీ నాకు తెలుసు. ఆఖర్న ఒక ప్రశ్న ఉంటుంది, దీన్ని సరిచేయడానికి మేం ఏం చేయాలని మీ కోరిక అని. కిందటిసారి అక్కడ పేజీ నిండా రాశాను. ఈసారి రెండు ముక్కలే రాశాను.

"ఆ గడిలోంచి తల్లిని తీసేయండి. ఫీబీ కాగితంలోంచి కూడా."