కత్తెర తాళం

వ్యానులో ఎనిమిదిమంది పిల్లలు, ఒక గిటారు, నేను. పిల్లలు వేసుకున్న నీలం చొక్కాలన్నీ నేను కుట్టినవే. గుండీ ఊడితే అక్కడికక్కడే కుట్టెయ్యాలని సూదులు, నీలం దారం, నా పెద్ద కత్తెర సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు కోసం నాకూ ఒక కొత్త జత కుట్టుకున్నాను. ఊరందరికీ కుట్టే టైలరుకి సొంత బట్టల దగ్గరకొచ్చేసరికి తీరిక ఉండదు. నాలుగేళ్ళ తర్వాత తీరిక చేసుకున్నాను. ఎందుకంటే చర్చిల యూత్ పాటల పోటీలో ఒక పద్ధతి ఉంది. ప్రతి బృందమూ పాడేముందు, పాట నేర్పినవాళ్ళ పేరూ, వాళ్ళు చేసే పనీ మైకులో చదివి, ఆ మనిషిని లేచి నిలబడమంటారు.

పాట నేర్పింది నేను. నాలుగు నెలలపాటు సాయంత్రాలు షాపు షట్టరు సగం దించి, నా కూతురితో సహా ఎనిమిదిమందినీ కటింగ్ బల్ల చుట్టూ నిలబెట్టి నేర్పాను. నాకు వాయిద్యాలేవీ రావు. కత్తెర మూసి బల్ల మీద కొడుతూ తాళం వేసేదాన్ని. మూడో చరణానికి ముందు పాట మొత్తం ఆగిపోవాలి. ఆ మౌనంలో టక్, టక్, టక్, టక్ అని నా కత్తెర నాలుగు దెబ్బలు పడ్డాక, అందరూ ఒక్కసారిగా అందుకోవాలి. మొదట్లో రోజూ ఎవరో ఒకరు మూడో దెబ్బకే దూకేసేవారు. "ఆత్రగాడికి బుద్ధి మట్టు, ఆగండ్రా" అని తిట్టేదాన్ని.

వ్యానులో గిటారు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్న కుర్రాడు మా చర్చి యూత్ లీడరు, నేను గిటారు తమ్ముడు అంటాను. చివరి రెండు వారాలు మాత్రం వచ్చి, "వందనాలక్కా, భలే పాడుతున్నారు" అని ఫొటోలు తీసుకుని వెళ్ళాడు. మంచివాడే. జుట్టు దువ్వుకునే టైములో సగం పాటకి పెట్టుంటే ఇంకా మంచివాడయ్యేవాడు.

హాలు గుమ్మంలో బల్ల వేసుకుని కళ్ళజోడు పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. మా చర్చి పేరు చెప్పి, నేర్పినవాళ్ళ కుర్చీలు ఎక్కడండీ అని అడిగాను.

"మీరు తోడు వచ్చినవాళ్ళమ్మా. ఐదో వరస."

నమ్మనట్టు నిలబడ్డానేమో, ఫారం నా వైపు తిప్పాడు. 'నేర్పినవారు' అన్న గడిలో గిటారు తమ్ముడి పేరుంది. 'తోడు వచ్చిన పెద్దలు' అన్న గడిలో 'ఒక తల్లి' అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు.

ఒళ్ళు మండిపోయింది. అతని పని పడదామని వెనక్కి తిరిగినదాన్ని, మళ్ళీ ఫారం కేసి చూశాను. గుండ్రంగా, కాస్త పక్కకి వాలిన అక్షరాలు. మూడేళ్ళుగా నా షాపులో కొలతల పుస్తకం రాసే చెయ్యి అది. నా కూతురి చెయ్యి.

మేకప్ గది బయట దాన్ని పట్టుకున్నాను.

"ఫారం నువ్వే రాశావా?"

"గిటారు అన్నయ్య రాయమన్నాడమ్మా."

"రాస్తుంటే నేను గుర్తు రాలేదా?"

తల దించుకుంది. "మిగతావాళ్ళకి నేర్పినవాళ్ళంతా మ్యూజిక్ టీచర్లమ్మా. మైకులో టైలరు అని చదివితే..."

"చదివితే?"

"నవ్వుతారేమోనని."

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? పెద్దాయన దగ్గరకెళ్ళి దిద్దించవచ్చు. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. అలవాటు కొద్దీ దాని కాలరు సరిచేసి, వెళ్ళి ఐదో వరసలో కూర్చున్నాను.

మైకులో పేరు పిలవగానే గిటారు తమ్ముడు లేచి నాలుగు వైపులా దండాలు పెట్టాడు. సొమ్మొకడిది, సోకొకడిది. తర్వాత "తోడుగా, ఒక తల్లి" అన్నారు. నేను లేవలేదు.

రెండు చరణాలు చక్కగా పాడారు. మూడోదానికి ముందు ఆగారు. గిటారు తమ్ముడు వాళ్ళ ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డాడు. ఎన్ని దెబ్బలు ఆగాలో అతను ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. నా కూతురు ఐదో వరస కేసి చూసింది. కత్తెర నా ఒళ్ళోనే, సంచిలో ఉంది. కుర్చీ చేతి మీద నాలుగు దెబ్బలు వేస్తే చాలు. వెయ్యలేదు. తప్పితే తప్పనీ అనుకున్నాను. సొంత బిడ్డ అందరి ముందూ ఓడిపోవాలని కోరుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

అప్పుడు దాని వేలు కదిలింది. పాటల ఫైలు అట్ట మీద గోరుతో టక్, టక్, టక్, టక్. నా కత్తెర ఎంత నిదానంగా పడుతుందో అంతే నిదానం. మూడో దెబ్బకే గిటారు తమ్ముడి చెయ్యి దిగిపోయింది. పిల్లలెవరూ అతన్ని చూడలేదు. నాలుగు పూర్తయ్యాక ఎనిమిది గొంతులూ ఒక్కటిగా లేచాయి. నా కళ్ళు తడిశాయి. కోపమో గర్వమో నాకే తెలియలేదు.

మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది. వచ్చే నెల ఫైనల్. జడ్జీల్లో తెల్లజుట్టావిడ ఒకరు మా దగ్గరకొచ్చారు. నేను ఎనిమిది నీళ్ళ సీసాలు మోస్తూ కూతురి పక్కన ఉన్నాను.

"ఆ మౌనం మనసులో నిలిచిపోయిందమ్మా. ఆ ఆలోచన ఎవరిది?" అని దాన్నే అడిగారు.

ఫారం అంటే ఎవరో రాయమన్నారు. ఇప్పుడు పక్కన చెప్పేవాళ్ళెవరూ లేరు. అది నా వైపు చూసింది. నా కొత్త బట్టలు చూసింది, సంచిలోంచి పైకి కనిపిస్తున్న కత్తెర పిడి చూసింది.

"మా యూత్ లీడరుదండీ."

"మరి ఈవిడ?"

"తోడు వచ్చారండీ."

మా అమ్మ అని కూడా అనలేదు. యేసు ఎవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకిన పేతురు కథ సండే స్కూల్లో దానికి చెప్పిందీ నేనే.

తిరిగి వస్తుంటే గిటారు తమ్ముడు ముందు సీట్లో కూర్చుని ఫోనులో అందరికీ గెలుపు కబురు చెబుతున్నాడు. పిల్లల్లో బక్కోడు నా వైపు తిరిగాడు.

"ఆంటీ, ఫైనల్‌కి ప్రాక్టీసు రేపట్నించేనా?"

"నన్నడుగుతావేంట్రా? నేను తోడు వచ్చినదాన్ని. నేర్పినాయన్ని అడుగు."

వేళాకోళం అనుకుని నవ్వారు. ఆ హుషారులోనే పాట ఎత్తుకున్నారు. మూడో చరణం ముందు ఆగి, అలవాటుగా అందరూ నా చేతి కేసి చూశారు. నా కూతురి చెయ్యి సీటు అంచు మీద ఉంది. గోరు కదల్లేదు. నాలుగు దెబ్బల సేపు దాటింది, ఎనిమిది దెబ్బల సేపు దాటింది.

నేను కత్తెరని సంచి అడుక్కి తోసి జిప్పు లాగేశాను.

"అమ్మా," అంది నా కూతురు.

ఇల్లు వచ్చేదాకా మూడో చరణం ఎవరూ ఎత్తలేదు.