అమ్మవారి చీరకు కత్తెర

మగ్గం మీద గుడ్డ కప్పి పోయింది లక్ష్మీనరసమ్మ. అమావాస్య గడిచి మరుసటి రోజు వచ్చి చూస్తే మగ్గం మీద గుడ్డ లేదు. పక్కన మడత పెట్టి ఉంది. అంత చక్కగా మడత పెట్టి ఉండడం చూసినందుకే ఆమెకు ఒళ్లు మండింది. తొందరలో లాగి పారేసిన గుడ్డ కాదది. తీరుబడిగా తీసి, తీరుబడిగా మగ్గం ఎక్కి కూర్చున్నారు ఎవరో.

ఆ మగ్గం ఆమె ఊరు ధర్మవరంలో ఉండేది కాదు. రాష్ట్రం దాటినాక వచ్చే పెద్ద ఎయిర్‌పోర్టులో, తనిఖీలన్నీ అయిపోయి జనం విమానాల గేట్లకు నడిచే దారిలో, ఒక పట్టుచీరల అంగడి ముందర ఉండేది. ఇంట్లో మాదిరి కాళ్లు దించుకొని నేసే మగ్గం గుంతను చలువరాతి నేలలో తవ్వనియ్యరు కాబట్టి చెక్కతో అరుగు కట్టి దాని మీద బిగించినారు. నేసే మనిషి కండ్ల ముందర కనబడితే లోపల చీరలు అమ్ముడుపోతాయని అంగడి వాళ్ల లెక్క. నేసేవాళ్లు కావాలనే కబురు తెచ్చినవాడు ఆమె మేనల్లుడు ఓబిలేష్. ఎయిర్‌పోర్టుకు టాక్సీ తోలుతాడు.

ఆమె ఒకే ఒక మాట మీద ఒప్పుకుంది. ఉగాదికి చౌడమ్మ తల్లికి పెట్టే చీర ఏటా ఒక ఇంటి వంతు. ఈ ఏడు వంతు వాళ్ల ఇంటిది. మొగుడు గంగాధరప్ప పోయినాక, ఆడమనిషి ఒక్కతే ఏం నేస్తాదిలే, వంతు పక్కింటికి మార్చుదామని వీధి పెద్దలు అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు ఇంటింటి వాళ్లు చేతనైనంత పట్టు తెచ్చి ఆమె గడపలో పెట్టినారు. కాబట్టి తాను ఏ మగ్గం మీద కూర్చున్నా మొదట నేసేది ఆ చీరే అని ఆమె చెప్పింది. అంగడి మేనేజరు సోమశేఖర్ ఎగిరి గంతేసినంత పని చేసినాడు. తాడిపత్రి వ్యాపారస్థుల బిడ్డ, మాట తియ్యన. ఇది దేవతకు నేస్తున్న చీర అని ఇంగ్లీషులో బోర్డు రాయించి మగ్గానికి తగిలించినాడు. జనం ఆ బోర్డు ముందర నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉండిరి.

మొదటి గొడవ సప్పుడుతో వచ్చింది. పేకను, అంటే అడ్డపోగును, దగ్గరకు తట్టే పలక ఊరికే ఉండదు, ధన్ ధన్ మంటుంది. పక్కనే పెద్దింటి ప్రయాణికులు కూర్చొని తిని కునుకు తీసే లాంజ్ ఉంది. వాళ్లకు నిద్ర చెడుతోందట. పలకను మెల్లగా ఆనించమన్నాడు సోమశేఖర్. మెల్లగా ఆనిస్తే చీర కాదు, దోమతెర అవుతుందని, గట్టిగా తట్టనియ్యకుంటే పని సాగదని ఆమె చెప్పింది. తొందరేముందని నవ్వినాడు.

"అది ఎప్పటికీ అయిపోకపోయినా మాకు నష్టం లేదమ్మా. జనానికి మగ్గం కనపడితే చాలు."

ఆ మాట ముల్లు మాదిరి దిగబడిపోయింది. ఆ రోజంతా ఆమె చుట్టూ చూస్తూనే ఉంది. సిగరెట్ తాగేవాళ్లకు గది ఉంది. పాలిచ్చే తల్లులకు గది ఉంది. నమాజుకు, పూజకు గది ఉంది. కాళ్లు పిసికే కుర్చీలున్నాయి, నడవలేనోళ్లకు బండ్లున్నాయి, నడవగలిగినోళ్లను కూడా మోసుకుపోయే పట్టీలున్నాయి. ఇంతమందికి ఇన్ని చేసిన చోట, చీర నేసే సప్పుడుకు మాత్రం జాగా లేదు. లాంజ్ పలచబడినప్పుడు గట్టిగా నేస్తూ, నిండినప్పుడు పట్టుపోగును కండెలకు చుట్టుకుంటూ ఆమె కాలం నెట్టుకొచ్చింది.

రెండోది కత్తెర. తనిఖీ దాటినాక లోపలికి కత్తెర రానియ్యరు. మగ్గానికని ఒకటి సెక్యూరిటీ వాళ్ల పెట్టెలో తాళం వేసి పెట్టినారు. అది కావాలంటే సోమశేఖర్ సంతకం పెట్టి అడగాల. పోగు తెగిన ప్రతిసారీ ఎవరు అడుగుతారు? ఇంట్లో అయితే ఏ నేతగాడైనా ముడేసి, మిగిలిన కొసను పండ్లతో పుటుక్కున కొరికి పారేస్తాడు. అమ్మవారి చీరకు మాత్రం నోరు తగలకూడదు. తగిలితే ఎంగిలి. అందుకని ఆమె కొసను వేలికి చుట్టి లాగి తెంపేది. పట్టుపోగు కత్తి మాదిరి కోస్తుంది. వేళ్ల కొసలన్నీ చీలికలే. రాత్రి అన్నం కలుపుకుంటే కారానికి భగ్గుమనేవి. అమ్మవారి పని కదా అని ఓర్చుకుంది.

ఇక అమావాస్య. ఆ రోజు వాళ్ల వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడదు. ముందే చెప్పింది సోమశేఖర్‌కు, తాను ఊరికి పోతానని, మగ్గాన్ని ఎవరూ ముట్టకూడదని. అట్లే అన్నాడు. గుడ్డ కప్పి, దండం పెట్టుకొని, ఓబిలేష్ బండిలో పోయింది.

ఇప్పుడు చీర మీదికి వంగి చూసింది. పడుగులో ఒక పక్కన ముడులున్నాయి. ఆమె వేసినవి కావు. మంచి ముడులే, నేతగాళ్ల ఇంట్లో పుట్టిన చెయ్యి వేసినవే. కానీ కొసలు నలిగి, చదునుగా ఉన్నాయి.

అంగట్లో చీరలు విప్పి చూపించే పిల్ల త్రివేణి అప్పుడే వచ్చింది. యాడికి అనే ఊరి పిల్ల. ఇంటి దగ్గర నాయనకు మగ్గం ఉంది. ముడులు చూస్తున్న పెద్దామెను చూసి, మెచ్చుకుంటుందేమో అనుకొని దగ్గరికి వచ్చింది.

"పోగులు తెగిపోయినాయి పెద్దమ్మా. నేనే అతికినా. మా నాయన నేర్పించినాడు."

"కొసలు దేంతో తెంపితివి?"

"దేంతో ఏముంది, కత్తెర యాడుండాది ఈడ. నోటితోనే కొరికినా."

అనేసినాక ఆ పిల్లకు అర్థమయింది. తలెత్తి బోర్డు వైపు చూసింది. మొహం పాలిపోయింది. తర్వాత జరిగిందంతా ఏడుపు మధ్యలో చెప్పింది. కంపెనీ పెద్దలు వచ్చినారట. మగ్గం ఖాళీగా ఉంటే బాగుండదని సోమశేఖర్ తనకు పట్టుచీర కట్టించి, ఎత్తు మడమల చెప్పులతోనే మగ్గం ఎక్కించినాడట. వద్దు సార్, అమావాస్య అంటే, ఎయిర్‌పోర్టుకు అమావాస్య ఉంటుందా అని నవ్వినాడట. ఫోటోల కోసం అటు తిరుగు ఇటు తిరుగు అంటుంటే చెప్పు మడమ తగులుకొని పోగులు పటపటా తెగినాయట. పెద్దమ్మ వచ్చేలోగా బాగు చేయాలని భయపడి, అలవాటు కొద్దీ కొరికేసింది.

లక్ష్మీనరసమ్మ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఆ పిల్ల తల మీద ఆనింది.

"నీది కాదు పాపా తప్పు. మన ఇండ్లల్లో అందరమూ కొరుకుతాం. నిన్ను చెప్పులతో ఆడ ఎక్కించినోడు యాడ?"

సోమశేఖర్ దేవుని పటానికి ఊదుబత్తి వెలిగిస్తూ ఉన్నాడు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. ముడులు కనబడకుండా ఇస్త్రీ చేయిస్తానన్నాడు. కావాలంటే గంగాజలం తెప్పించి చల్లిస్తానన్నాడు. చివరకు గొంతు తగ్గించి అడిగినాడు.

"ఎవరికి తెలుస్తుందమ్మా?"

"నాకు తెలిసె కదప్పా. ఆ పటం ముందర పెట్టినావే అరటిపండు, దాన్ని ఓసారి కొరికి పెట్టు. ఎవరికి తెలుస్తాది?"

అతని తియ్యదనం అక్కడితో అయిపోయింది. దేవుని పేరు చెప్పుకొని తన మీద పెత్తనం చేయొద్దన్నాడు. ఆమె కత్తెర తెప్పించమనింది. చీర కోసి, మిగిలిన పడుగు తీసుకొని ఇంటికి పోతానంది. అతను తల అడ్డంగా ఊపినాడు. వారం తిరగకముందే ఇంకా పెద్దోళ్లు వస్తున్నారు, మగ్గం మీద చీర కనబడాల, కత్తెరకు సంతకం పెట్టేది లేదన్నాడు.

ఆమె పోయి మగ్గం ఎక్కింది. పేకపోగును అటూ ఇటూ మోసే నాడెను తీసి పక్కన పెట్టింది, నేసేది లేదు కాబట్టి. ఉట్టి పలకను రెండు చేతులా పట్టుకొని కొట్టింది. ధన్. మళ్లీ ధన్. ఇన్నాళ్లూ అణిచిపెట్టుకున్న బలమంతా ఆ పలకలోకి పోయింది. కదిలే మెట్ల మీద పోయేవాళ్లు వెనక్కి తిరిగి చూసినారు. పైనుంచి గేటు నంబరు చెప్పే గొంతు సగంలోనే మునిగిపోయింది. లాంజ్ తలుపు తెరుచుకొని, చేతిలో ఇడ్లీ పళ్లెంతో ఒక పెద్దమనిషి బయటికొచ్చి, ఇక్కడ ఏమన్నా గోడలు పడగొడుతున్నారా అని అడిగినాడు. జనం గుమికూడినారు. సెల్‌ఫోన్లు లేచినాయి. సోమశేఖర్ చెమటలు కక్కుకుంటూ పరిగెత్తి వచ్చినాడు.

"కత్తెర వచ్చేదాకా ఇది ఆగదు" అనింది ఆమె, అతని మొహం చూడకుండానే.

టెర్మినల్ ఆఫీసరు వచ్చి సంగతి అడిగినాడు. సోమశేఖర్ ఏదో చెప్పబోతే సప్పుడులో వినపడలేదు. చివరకు సోమశేఖరే సంతకం పెట్టినాడు. త్రివేణి పోయి, కాపలా ఆమెను వెంటబెట్టుకొని కత్తెర తెచ్చింది.

కత్తెర చేతికి వచ్చినాక మాత్రం లక్ష్మీనరసమ్మ ఒక్క క్షణం ఆగింది. వాళ్ల వీధిలో చీరను సగంలో కోసేది మగ్గం మనిషి పోయినప్పుడే. గంగాధరప్పను తీసుకుపోయిన రోజు అట్లే కోసినారు. ఆ కరకర సప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. ఇప్పుడు తన చేత్తోనే కోసింది, కొరికిన ముడులన్నీ చీర వైపే పోయేటట్లు, ఈ అంచు నుంచి ఆ అంచుకు. ఆ చేతిని కోపం పట్టుకొని ఉంది.

సగం చీరను మడిచి సోమశేఖర్ చేతిలో పెట్టింది.

"ఇది నీది. ఆ బోర్డు పీకేసి పెట్టుకో."

పడుగును విప్పి, మెడకు చుట్టుకునే కండువా మాదిరి మెలితిప్పి ముద్ద చేసి, కప్పిన గుడ్డలోనే కట్టుకుంది. త్రివేణి గేటు దాకా వచ్చి, ఉగాదికి రావచ్చునా పెద్దమ్మా అని నేల చూస్తూ అడిగింది. చెప్పులిడిచి రా అనింది ఆమె.

బయట ఓబిలేష్ తల పట్టుకున్నాడు. ఇక ఆ అంగడి గిరాకీలు తనను పిలవరని గొణిగినాడు. మూటను డిక్కీలో పెట్టబోతే ఆమె లాక్కొని ఒళ్లో పెట్టుకుంది. బండి పెనుకొండ దాటింది. దారికి రెండు పక్కలా చెనక్కాయ పెరికిన చేండ్లు బోడిగా ఉన్నాయి.

"పట్టు చాలుతాదా అత్తా?"

"చాలకపోతే వీధిలో అడుగుతా. ఎందుకు చాలలేదో కూడా చెప్తా."

"ఉగాదికి నెల కూడా లేదే. అయితాదా?"

ఆమె చీలికలు పడిన వేళ్లతో మూట ముడి ఇంకోసారి బిగించింది.

"నువ్వు ఇంటికి పోతానే మగ్గం గుంతలోకి దిగి బూజు దులుపు. ఆడ పలక గట్టిగా కొట్టొచ్చు."