ఎవరి తాళం వాళ్ళదే

పొడుగన్నను స్తంభం మీంచి దించేసరికి కంపెనీ జీపు వచ్చేసింది. అంబులెన్సు మాత్రం రాలేదు.

జీపులోంచి ఇంజనీరు దిగాడు. వెనకే కాంట్రాక్టరు తరఫు సూపర్వైజరు. అతని చేతిలో కొత్త రబ్బరు గ్లౌజులు, కొత్త హెల్మెట్. గ్లౌజుల మీది ప్లాస్టిక్ కవరును పళ్ళతో చించి, కాలిపోయిన ఆ చేతుల పక్కన పెట్టాడు. హెల్మెట్‌ను తల దగ్గర దొర్లించాడు. ఇంజనీరు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు.

"ఆరేళ్ళుగా అడిగితే ఇవ్వనివి చచ్చాక ఇస్తార్రా?" అంటూ మీదికి ఉరికాడు బుల్లెట్, నోటికి అడ్డూ ఆపూ లేని లైన్‌మాన్. నలుగురు కలిసి అతన్ని వెనక్కి లాగారు.

సబ్‌స్టేషన్ కంచె పట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడింది స్విచ్చమ్మ. పగటి షిఫ్టులో ఫీడరు లైన్లకు కరెంటు ఇచ్చేదీ తీసేదీ ఆమే కాబట్టి లైన్‌మెన్ ఆమెను అలా పిలుస్తారు. ఆ పేరు పెట్టింది పొడుగన్నే. "మా ప్రాణాలు నీ గుప్పిట్లో ఉన్నాయి చెల్లెమ్మా, జలుబు చేసినా తుమ్మకు" అని రోజూ నవ్వించేవాడు.

ఇరవై నిమిషాల కిందట ఆ చేత్తోనే ఆమె లైను ఛార్జ్ చేసింది, కరెంటు వదిలింది.

లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్లో లైన్ క్లియర్ తీసుకోవాలి. తాము దిగామని చెప్పేదాకా కరెంటు ఇవ్వకూడదని రిజిస్టర్లో రాయించుకోవాలి. వెనకటికి ఎక్కే ప్రతి మనిషీ తన పేర రాయించుకునేవాడు. పని కాంట్రాక్టుకు పోయాక మూడు జట్లకీ కలిపి సూపర్వైజరు పేర ఒక్కటే రాస్తున్నారు. ఆ పొద్దున అతను ఫోన్ చేసి "అందరూ దిగారు, ఛార్జ్ చేసెయ్" అన్నాడు. గోడౌను వెనక స్తంభం మీద ఇంకా ఒక మనిషి ఉన్నాడని అతనికి తెలీదు. తెలియాలంటే జీపు దిగాలి. అతను దిగలేదు.

మధ్యాహ్నం ఇంజనీరు కంట్రోలు రూములోకి వచ్చి రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు.

"రాయి. లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కాడని."

"తీసుకున్నారు సార్. సూపర్వైజరు పేర ఉంది."

"ఆ పేజీ ఉండదు. కొత్త పేజీలో రాయి."

ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఇంజనీరు గొంతు మెత్తబడింది.

"చూడమ్మా, పోయినవాడు ఎలాగూ పోయాడు. తప్పు అతనిదైతే ఎవరికీ ఇబ్బంది లేదు. కాదంటే స్విచ్చు వేసిన చెయ్యి ఎవరిదని పోలీసులు అడుగుతారు. అది నా చెయ్యి కాదు. రేపు మధ్యాహ్నం దాకా ఆలోచించుకో."

సాయంత్రం లైన్‌మెన్ అందరూ పొడుగన్న ఇంటి ముందు చేరారు. కుర్చీలు చాలక సగం మంది గోడ వారన గొంతుక్కూర్చున్నారు.

"ఇంజనీరు ఇంటికి కరెంటు పీకేద్దాం," అన్నాడు బుల్లెట్.

"పీకితే, పెట్టిరమ్మని మళ్ళీ నిన్నే పంపిస్తారు," అన్నాడు పెద్దాయన. ఉన్నవాళ్ళలో అందరికన్నా పాత లైన్‌మాన్ అతను.

"అయితే సమ్మె చేద్దాం. ఒక్కడూ ఎక్కొద్దు."

"చేద్దాం. మూడోరోజుకి వేరే జట్టును తెచ్చి ఎక్కిస్తారు. వాళ్ళకి పొడుగన్నెవరో కూడా తెలీదు. వాళ్ళూ ఇలాగే పోతారు."

"మరి ఊరుకుందామా పెదనాన్నా? గాజులు తొడుక్కుందామా?"

"గాజులు తొడుక్కున్నవాళ్ళం ఇక్కడే ఉన్నాం," అంది స్విచ్చమ్మ లేచి. ఎప్పుడూ గొంతు పైకి రాని మనిషి. అందరూ తిరిగి చూశారు. "స్విచ్చు వేసింది నేను. ఫోను నమ్మి వేశాను."

గడపలో కూర్చున్న పొడుగన్న భార్య లేచి వచ్చింది. స్విచ్చమ్మ మణికట్టు పట్టుకుని ఆ చేతిని చాలాసేపు చూసింది.

"నీ మీద నాకు కోపం ఉంది. దాచుకోను," అంది. "కానీ ఆయన పని తెలీక పోలేదని పిల్లలకి చెప్పుకోవాలి నేను. ఆ ఒక్క మాటైనా నాకు మిగల్చు."

"జైలుకి పోయినా అబద్ధం రాయను వదినా." స్విచ్చమ్మ లైన్‌మెన్ వైపు తిరిగింది. "అన్నలూ, రేపట్నుంచి ఫోన్నే కాదు, నా చేతినీ నమ్మకండి. ఎవరింటి తాళం వాళ్ళు తెచ్చుకోండి. స్విచ్చు పిడికి గొలుసు చుడతాను. ఎక్కేముందు ఆ గొలుసు కొసలు కలిపి ఎవరి తాళం వాళ్ళు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని ఎక్కండి. దిగాక మీ చేత్తో మీరే తియ్యండి. ఒక్క తాళం మిగిలినా పిడి కదలదు. నేను పొరపాటు పడ్డా కదలదు."

పెద్దాయన తలూపాడు. "ఇదీ పని. కాంట్రాక్టు కింద మనం మంది అయిపోయాం. మళ్ళీ మనుషులమవుదాం."

"మా ఇంట్లో ఉన్నది ఒక్కటే తాళం అక్కా," అన్నాడు బుల్లెట్. "మా ఆవిడ పెట్టెకి వేసుకుంటుంది. అది అడిగితే కరెంటు దాకా అక్కర్లేదు, ఆవిడ చేతిలోనే పోతాను."

ఆ ఇంటి ముందే నవ్వొచ్చింది అందరికీ. పొడుగన్న భార్య లోపలికి వెళ్ళి తాళం తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మా తలుపుది. దొంగలొస్తే వాళ్ళే జాలిపడి ఏదన్నా పెట్టిపోతారు."

మర్నాడు పొద్దున్నే గొలుసుకి ఇరవైమూడు తాళాలు పడ్డాయి. సైకిలువి, ట్రంకు పెట్టెలవి, తలుపులవి. స్విచ్చమ్మ రిజిస్టర్లో జరిగింది జరిగినట్టు రాసింది: సూపర్వైజరు ఫోను మీద ఛార్జ్ చేశాను, మనిషి పైనే ఉన్నాడు. ఎక్కబోయే ప్రతివాడూ ఆ పేజీని తన ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

పదకొండుకి సూపర్వైజరు ఫోను. "అందరూ దిగారు. ఛార్జ్ చెయ్."

ఆమె బయటికి వెళ్ళి చూసింది. "ఇంకా ఒక తాళం ఉంది సార్."

"ఎవడో మర్చిపోయుంటాడు. పగలగొట్టు. కరెంటు కోసం మిల్లువాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు."

"మాటల్లోనే తీస్తున్నారు కదా సార్. పర్లేదు."

పావుగంట తర్వాత బుల్లెట్ వచ్చాడు, చివరి స్తంభం మీద జంపరు తీగ బిగించి, చెమటలు కక్కుకుంటూ. గొలుసుకి వేలాడుతున్న ఆ ఒక్క తాళం తనదేనని చూశాడు. తాళం తీస్తుంటే చెవి రెండుసార్లు చేజారింది.

మధ్యాహ్నం రెండో విడత పనికి మళ్ళీ తాళాలు పడ్డాయి. అప్పుడొచ్చాడు ఇంజనీరు, పోలీసు జీపుతో, పసుపు చొక్కాల జట్టుతో. పసుపు చొక్కాలంటే కంపెనీ గ్యాసు పైపుల వాళ్ళు. ఒకే కంపెనీ, గేట్లు వేరు, క్యాంటీన్లు వేరు. ఏళ్ళుగా నీలం చొక్కాల లైన్‌మెన్‌కీ వాళ్ళకీ మాటల్లేవు.

"కొయ్యండి," అన్నాడు ఇంజనీరు.

గ్యాసు మేస్త్రీ పెద్ద కత్తెర పట్టుకుని గొలుసు దగ్గరికొచ్చాడు. ఒక సైకిలు తాళాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"పైన మనుషులున్నారామ్మా?"

"ఉన్నారు. తాళానికొకరు."

మేస్త్రీ కత్తెర కింద పెట్టాడు. "పోయినేడు మా తమ్ముడు గోతిలో ఉండగా గ్యాసు వాల్వు తిప్పారు. ఫోనులో చెప్పారంట, అందరూ బయటికొచ్చారని." తన అన్నం సంచికున్న చిన్న తాళం ఊడదీసి గొలుసుకి వేశాడు. పసుపు చొక్కాలు ఒక్కొక్కరే జేబులు తడుముకున్నారు.

కబురు స్తంభాలెక్కింది. లైన్‌మెన్ దిగి గేటు దగ్గరికి వచ్చేశారు, తాళంచెవులు జేబుల్లోనే ఉంచుకుని. వెనకే ఇళ్ళలోంచి ఆడవాళ్ళు. పొడుగన్న భార్య అందరికన్నా ముందుంది.

ఎస్సై స్విచ్చమ్మ వైపు తిరిగాడు. "నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైనందుకు నీ మీద కేసు. జీపెక్కు."

"ఎక్కుతాను. ఫోను చేసినాయన్ని కూడా ఎక్కించండి, చోటుంది," అందామె.

ఆమె ఒక్కదాన్నే ఎక్కించారు. ఆమె స్థానంలోకి సాయంత్రం షిఫ్టు అమ్మాయిని పరుగున పిలిపించారు. చేరి నెల కూడా కాలేదు. కత్తెర ఒక కానిస్టేబుల్ చేతికిచ్చారు.

"కరెంటు కొట్టదు కదా సార్?" అన్నాడతను.

"అందరూ దిగారు, కళ్ళముందే ఉన్నారు," అన్నాడు ఇంజనీరు. "నువ్వు కొయ్యి. అమ్మాయీ, నువ్వు వెళ్ళి పిడి పట్టుకో."

ఆ అమ్మాయి పిడి దాకా వెళ్ళింది. జీపు ఊచల్లోంచి చూస్తున్న స్విచ్చమ్మను చూసింది. తర్వాత గేటు వైపు తిరిగి, గొంతు చించుకుని అడిగింది.

"అన్నలూ, ఇంకా ఎవరన్నా పైన ఉన్నారా?"

నేల మీద నిలబడ్డ అంతమందీ, నీలం చొక్కాలూ పసుపు చొక్కాలూ ఆడవాళ్ళూ, ఒక్క గొంతుతో జవాబిచ్చారు.

"ఉన్నాం!"