ఇంతకుముందు ఇక్కడేముండేది?

కింది స్టేషన్ నుంచి గంట మోగింది. రూడీ హ్రబోవ్‌స్కీ ఫ్లాస్కు మూత బిగించి, చేతి తొడుగు తీసి, లివరు ముందుకు నెట్టాడు. కొండ మీదున్న రైలుపెట్టె కిందికి జారుతుంటే కిందున్నది పైకి ఎక్కడం మొదలుపెట్టింది. గాజు మీది ఆవిరిని మోచేత్తో తుడిచి పట్టాలకేసి చూశాడు. మంచు సన్నగా పడుతోంది. కింద నది, నదికి అవతల పిట్స్‌బర్గ్ మేడలు. ఈ ఇరుకు గదిలో కూర్చుని వాటిని చూస్తూనే అతని జుట్టు నెరిసింది, నడుం లావెక్కింది, ఎడమ భుజం లివరు వైపు ఒరిగిపోయింది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఇంక్లైన్, అంటే తాడు లాగే ఈ కొండ రైలు, ఎక్కి ఫొటోలు తీసుకుంటారు. కొండ మీద కాపురముండే మేం మాత్రం కూరగాయల సంచులతో ఎక్కి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఆ పూట ఎక్కినవాళ్లలో రూడీ పక్కింటి బెర్నడీన్ స్కార్పాచీ కూడా ఉంది. పెట్టె దిగి, బూట్ల మంచు దులుపుకుని, తిన్నగా అతని కిటికీ దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, రేపట్నుంచి నీకు సెలవంట కదా. ఎక్కడికి?"

"చూద్దాం బెర్నీ."

"చూద్దాం, చూద్దాం! రెండుసార్లు సెలవు పెట్టావు, రెండుసార్లూ రద్దు చేసుకున్నావు. మూడోసారీ అలాగే చేశావంటే నీతో మాట్లాడను, చెప్తున్నా."

"మాట్లాడకుండా నువ్వుండగలవా?"

"ప్రయత్నం చేస్తా," అని మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

జీవితమంతా ఒకే కొండకి జనాన్ని ఎక్కించి దించిన ఈ మనిషికి ఊళ్లు తిరగడమంటే పిచ్చి. అతనికంటే పెద్ద పిచ్చి భార్య మార్సెల్లాకి. ఏటా సెలవు దొరగ్గానే పాత కారేసుకుని ఏదో ఒక ఊరు పోయేవాళ్లు. న్యూ ఆర్లీన్స్‌లో వేడి బెన్యే బూరెలు తింటూ మార్సెల్లా గట్టిగా తుమ్మితే, చక్కెర పొడంతా లేచి పక్క బల్ల దగ్గరున్న ఒకాయన నల్ల కోటు మీద పడింది. ఆయన కోటు దులుపుకుని తన పళ్లెం కూడా ఆమె ముందుకి జరిపాడు. సాన్‌ఫ్రాన్సిస్కోలో తాడుతో నడిచే ట్రాము ఎక్కినప్పుడు రూడీ సముద్రం మాటే మర్చిపోయి, దాన్ని నడిపేవాడితో తాడు గురించీ బ్రేకు గురించీ కబుర్లలో పడ్డాడు. "ఇంత దూరం నన్ను లాక్కొచ్చింది నీ ఆఫీసు చూపించడానికా?" అని ఆమె ట్రాము ట్రామంతా వినేలా దెప్పింది.

ఏ ఊరెళ్లినా ఆమె అడిగే ప్రశ్న ఒకటే: "ఇంతకుముందు ఇక్కడేముండేది?" పిట్స్‌బర్గ్ వాళ్లం కదా, మాకది పుట్టుకతో వచ్చిన జబ్బు. దారి చెప్పమంటే ఉన్నవాటి గుర్తులు చెప్పం, పోయినవాటివే చెప్తాం. కాలిపోయిన బేకరీ దగ్గర కుడికి తిరగమంటాం, మూతపడ్డ సినిమాహాలు ఎదురుగా ఆగమంటాం. షికాగోలో ఒక టై కట్టుకున్నాయన ఆమె ప్రశ్నకి మురిసిపోయి, పని మానుకుని మరీ వెంటబెట్టుకెళ్లి, తన తాతగారి పియానోల కొట్టు ఉండిన చోటు చూపించాడు. అక్కడిప్పుడు కార్లు ఆపుకునే స్థలం. ముగ్గురూ ఆ సిమెంటు నేలకేసి చాలాసేపు చూశారు. షికాగో వెళ్లొచ్చిన గుర్తుగా వాళ్లింట్లో ఉన్నది ఆ సిమెంటు ఫొటో ఒక్కటే.

మార్సెల్లా పోయాక రూడీ ఊరు దాటలేదు. బద్ధకం కాదు, భయం. ఆ ఊళ్లన్నీ ఆమెతో చూసినవి. ఒక్కడే వెళ్లి మళ్లీ చూస్తే, కొత్తగా చూసింది పాతదాని మీద పేరుకుని ఆమెను కప్పేస్తుందని అతని బాధ. ఈ మాట బెర్నడీన్‌తో సహా ఎవరికీ చెప్పలేదు.

పదకొండు దాటాక ఒక జంట దిగింది. మనిషి పొడుగ్గా, నల్లగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. పేరు థీయో. భార్య వెర్నెట్టా ఊదారంగు కోటులో గుండ్రంగా ఉంది. సెయింట్ లూయిస్ నుంచి వచ్చారట.

"ఇక్కడ ఆలుగడ్డ కూరి ఉడికించే ఆ పియెరోగీలు బాగా చేసే కొట్టుందంట కదా బాబూ, ఎటు?" అంది వెర్నెట్టా.

"తిన్నగా వెళ్లి చర్చి దగ్గర ఎడమకి తిరగండమ్మా. బౌలింగ్ హాలు దాటగానే అదే," అన్నాడు రూడీ.

వాళ్లు అటు వెళ్లాక అతను హామ్ శాండ్‌విచ్ విప్పుకున్నాడు. చాలాసేపటికి ఆ ఇద్దరూ చలికి ముక్కులు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

"ఏమయ్యా పెద్దమనిషీ, చర్చి ఏదీ?" అంది వెర్నెట్టా.

రూడీ నాలుక్కరుచుకున్నాడు. చర్చి కూలగొట్టి చాలా కాలమైంది. బౌలింగ్ హాలూ అంతే.

"తిట్టుకోకండమ్మా. మా ఊళ్లో అందరం ఇలాగే చెప్తాం."

"తిట్టుకోవడమెందుకు! అక్కడ మంచు కరగడానికి మెట్ల మీద ఉప్పు చల్లుకుంటున్న ముసలాయన్ని అడిగాం. 'చర్చా? మీరు నిలబడ్డదే చర్చి గుమ్మం. నా పెళ్లి అక్కడే అయింది' అన్నాడు. చూస్తే అది మందులషాపు ముందు ఖాళీ జాగా. గంటస్తంభం ఎంత ఎత్తుండేదో చెయ్యెత్తి చూపించాడు. నిజం చెప్తున్నా, నాకు కనిపించింది."

"నాకు కనిపించలేదు. ఆకలి మీదున్నా," అన్నాడు థీయో.

రూడీ శాండ్‌విచ్ కాగితం మడిచి పక్కన పెట్టాడు. వాళ్ల ఊరు తనూ చూశాడు, మార్సెల్లాతో. సెయింట్ లూయిస్‌లో నది ఒడ్డున ఆకాశమంత ఎత్తున్న ఉక్కు కమాను, ఆర్చి, ఎక్కనంది మార్సెల్లా. "రోజూ జనాన్ని ఎక్కించి దించే మొగుడున్నాడు, నాకది చాలు" అని చెప్పులు విప్పి, నది ఒడ్డున బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. అతనొక్కడే పైకెళ్లి, ఊరంతా వదిలేసి ఆమె ఎర్ర టోపీ కోసం వెతికాడు. దొరికింది. ఆమె చెయ్యూపుతోంది, అతను ఏ కిటికీ దగ్గరున్నాడో తెలియక అన్ని కిటికీలకీ కలిపి.

"ఆర్చి దగ్గర నదివైపు వరసగా పచ్చ బెంచీలుండేవి. ఉన్నాయా ఇంకా?" అని అడిగాడు.

"అవెక్కడ! దారి వెడల్పు చేసినప్పుడే పీకేశారు," అంది వెర్నెట్టా. "ఎందుకు?"

అంటే ఆ బెంచీ కూడా పోయిందన్నమాట, అనుకున్నాడు రూడీ. కానీ వెంటనే అతనికే వింతగా ఒక ధైర్యం పుట్టుకొచ్చింది. ఆ బెంచీల్లో ఏది ఎక్కడుండేదో, దాని మీద మార్సెల్లా ఎలా కూర్చుందో ఇప్పుడు చెప్పగలిగినవాడు లోకంలో తనొక్కడే. ఇంట్లో కూర్చుంటే ఇక ఎవరు చూపిస్తారు?

"అయితే నేనొచ్చి చూపించాలి మీకు," అన్నాడు.

"రావయ్యా! మా ఊరు మాకు చూపించడానికి పిట్స్‌బర్గ్ నుంచి మనిషి రావాలా?" అని థీయో పగలబడి నవ్వాడు. వెర్నెట్టా మాత్రం నవ్వకుండా వాళ్ల ఫోన్ నంబరు చెప్పింది. రూడీ వాళ్లని పియెరోగీల కొట్టుకి ఈసారి ఉన్న గుర్తులతోనే పంపాడు. అది చెప్పడానికి చాలా కష్టపడ్డాడు.

మర్నాడు తెల్లారేసరికి మంచు గట్టిగా పడింది. రూడీ ఇంటి ముందు కారు చుట్టూ మంచు తవ్వుకుని, ఒక చిన్న బట్టల పెట్టె వెనక సీట్లో పడేశాడు. బెర్నడీన్ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎక్కడికి?"

"సెయింట్ లూయిస్. ఆ పైన న్యూ ఆర్లీన్స్ అనుకుంటున్నా."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్నేం కాదులే," అన్నాడు.

ఆమె తల వంచుకుని స్వెటరు గుండీలు పెట్టుకుంది. "మళ్లీ వస్తావుగా?" అంది.

"రాకపోతే ఇంక్లైన్ ఎవరు నడుపుతారు?"

కారు మలుపు తిరిగేదాకా ఆమె లోపలికి వెళ్లలేదు. మా ఇరుకు వీధిలో, మంచు రోజుల్లో, తవ్విన ఖాళీ ఎంతోసేపు ఖాళీగా ఉండదు, ఇంకెవరో కారు పెట్టేస్తారు. కానీ అందులో ఇంట్లోంచి తెచ్చిన కుర్చీ ఒకటి పెడితే, ఆ చోటు మళ్లీ వచ్చేవాడిదని లెక్క. పోలీసుల కారైనా సరే, ఆ కుర్చీని ముట్టుకోదు.

ఆమె లోపలికెళ్లి ఒక కుర్చీ మోసుకొచ్చి రూడీ కారు ఉండిన చోట నాలుగు కాళ్లూ సరిగ్గా ఆనేలా పెట్టింది. బెర్నడీన్ వంటింట్లో ఉన్నవే రెండు కుర్చీలు. ఆమె ఎదురుగా ఎప్పుడూ ఖాళీగా ఉండే రెండోది ఇప్పుడు వీధిలో, మంచు పేరుకుంటున్న పసుపు మెత్తతో, రూడీ ఇంటి వైపు తిరిగి ఉంది.