గ్లాసుడు నాచునీళ్లు

ఆ రోజు పొద్దున ఆమె వంటింట్లోకి వచ్చేసరికి భర్త స్టవ్ పక్కన నిలబడి గ్లాసులో చెంచాతో ఏదో కలుపుతున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకంటే ముందు అతను లేవడం అదే మొదటిసారి.

“సముద్రపు నాచు పొడి. నీ థైరాయిడ్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుందట. వీడియోలో చూసి తెప్పించాను. తాగు,” అన్నాడు.

నీచు వాసన గుప్పుమంది. అయినా గటగటా తాగేసింది. మందు కోసం కాదు, అందించిన ఆ చెయ్యి కోసం. జ్వరమొచ్చి మూలుగుతుంటే “మాత్ర వేసుకోకపోయావా” అని పక్కగదిలోంచే అరిచే మనిషి, తన కోసం నిద్ర మానుకుని లేచాడు. “మొగుడు చేతికందిస్తున్నాడు, పెట్టి పుట్టావమ్మా!” అంది అత్తగారు. ఎత్తిపొడుపే అయినా ఆ మాట ఆమెకు తియ్యగానే ఉంది. రోజూ తాగింది.

కొన్ని వారాలకు మెడ దగ్గర వాపు తేలింది. ఆఫీసులో ఆమెది ఫోన్లెత్తే ఉద్యోగం. గొంతు బొంగురుపోయి, అవతలివాళ్లు “సార్” అనడం మొదలుపెట్టారు. పక్క సీటావిడ పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వి, బాత్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చింది.

డాక్టరమ్మ దగ్గరకు ఎప్పటిలాగే ఒక్కతే వెళ్లి, నాచు పొడి సంగతి చెప్పింది.

“మీ ఒళ్లే మీ థైరాయిడ్ మీద కత్తి కట్టిందమ్మా. అయోడిన్ తక్కువై వచ్చిన జబ్బు కాదిది. ఆ పొడి నిండా అయోడినే, ఉన్న జబ్బును ఇంకా రెచ్చగొడుతుంది. తినడానికి అమ్మే పల్చటి నాచు రేకులు ఎప్పుడన్నా ఒకటీ అరా తింటే ఫరవాలేదు. పొడి మాత్రం ఈ రోజే ఆపెయ్యండి. మీ మాత్ర పరగడుపునే, ఉత్త నీళ్లతో వేసుకోండి.”

బస్సులో ఆమెకు జబ్బు గుర్తే రాలేదు. రేపట్నుంచి ఆ గ్లాసు ఉండదన్నదే బెంగ.

ఇంటికొచ్చి చెబితే అతని మొహం మాడిపోయింది. “నేనేం చేసినా నీకు వంకే!”

“పొడి ఒక్కటే వద్దన్నారండీ. మాత్ర వేసుకోడానికి మీరు ఉత్త నీళ్లిచ్చినా చాలు,” అంది సిగ్గుపడుతూ.

అతను నిజంగానే అర్థం కానట్టు చూశాడు. “ఉత్త నీళ్లు నేనివ్వడమేంటి? నీకు తొందరగా నయమైతే ఇంట్లో పనులు సవ్యంగా సాగుతాయని కదా, నేను లేచింది!”

ఆ గొంతులో కోపం కూడా లేదు. ఉన్నా బాగుండేది.

మర్నాడు మాత్ర వేసుకుని, పొయ్యి వెలిగించకుండా చెప్పులు తొడుక్కుంది.

“పొద్దున్నే ఎక్కడికి? టీ ఎవరు పెడతారు?” అన్నాడతను మంచం మీంచే.

“ఎవరికి కావాలో వాళ్లు,” అని తలుపు దగ్గరగా వేసింది.

వీధిలో తోడెవరూ లేరు. ఇంట్లోనూ లేరని తెలిశాక, ఒంటరిగా నడవడం ఆమెకు భయమనిపించలేదు.